చెరువు మత్తడి దుంకినా బోరు ఎందుకు లేవలేదు?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర ఊరు. ఈ వానకాలం మా చెరువు మత్తడి దుంకింది. వాగు పొంగి పొలం వారం రోజులు నీళ్లలోనే ఉంది. బావి అంచు దాకా నిండింది గానీ బోరు మాత్రం పోయినేడు లాగే సన్నగా పోస్తున్నది. బావి నీళ్లు తోడి పెడితే తుప్పు రంగు పొర కడుతున్నది. యాసంగికి మూడెకరాలు వరి పెట్టవచ్చా?
– ఒక రైతు, వరంగల్ జిల్లా

జవాబు: మూడెకరాలకు ఇప్పుడే నారు పోయకండి. నిండు బావిని చూస్తే ఎవరికైనా ధైర్యం వస్తుంది, కానీ ఒకసారి లెక్క వేయండి. 6 మీటర్ల వెడల్పున్న గుండ్రటి బావిలో మీటరు లోతు నీళ్లంటే సుమారు 28 వేల లీటర్లు. ఎకరం మడిలో 5 సెంటీమీటర్ల నీళ్లు నిలపాలంటే 2 లక్షల లీటర్లు కావాలి. అంటే బావిలో ఏడు మీటర్ల నీళ్లు ఒక్క తడికే అయిపోతాయి. కాబట్టి ఎంత నిండిందని కాదు, తోడాక ఎంత ఊరుతున్నదని చూడాలి.

ఇక బోరు సంగతి. మన దగ్గర మట్టి కింద మొరం, దాని కింద బండ. వరద నీళ్లు ముందు మట్టిని, మొరాన్ని నింపుతాయి. మీ బావి ఉన్నది ఆ పొరలోనే. బోరుకు మాత్రం బండ తగిలేదాకా కేసింగ్ పైపు దింపి ఉంటారు కనుక పై నీళ్లు అందులోకి నేరుగా దిగవు, బండలోని నెర్రెల గుండానే రావాలి. ఆ నెర్రెలకు చెరువు వైపు సంబంధం ఉంటే బోరు లేస్తుంది, లేదంటే నెమ్మదిగా లేస్తుంది, ఒక్కోసారి అసలు లేవదు. పైగా మొరం ఒకసారి నిండాక ఇంకెంత వరద వచ్చినా భూమిలో చోటు ఉండదు, మిగిలినదంతా వాగులో కొట్టుకుపోతుంది. వాగు తగ్గగానే ఒడ్డున చేరిన నీళ్లలో కొంత ఊటగా మళ్లీ వాగులోకే దిగుతుంది. అందుకే వారం రోజుల వరద కన్నా, సంక్రాంతి దాకా చెరువులో నిలిచే నీళ్లే కట్ట కింది బావులకు ఎక్కువ మేలు.

తుప్పు పొరకు టెన్షన్ పడొద్దు. పొలం జాలు పట్టి, అంటే నీళ్లు నిలిచి, మట్టికి గాలి ఆడనప్పుడు మట్టిలోని ఇనుము నీళ్లలో కరుగుతుంది, గాలి తగిలితే తుప్పుగా తేలుతుంది. పంటకు పారించుకోవచ్చు. డ్రిప్ ఉంటే మాత్రం రంధ్రాలు పూడుకుపోతాయి, తొట్టిలో తేర్చి వాడండి. వరద ముంచిన బావి కనుక నీళ్లు పరీక్ష చేయించేదాకా తాగొద్దు.

వాగు పూర్తిగా తగ్గాక, దీపావళి తర్వాత, ఓ రోజు పొద్దున్నే మోటరు వేయకముందు తాడుకు రాయి కట్టి బావిలో నీటి మట్టం కొలవండి. నాలుగు గంటలు తోడి, మర్నాడు అదే వేళకు మళ్లీ కొలవండి. మొదటి మట్టానికి వస్తే ఊట బాగున్నట్టే. రెండు వారాలాగి మళ్లీ చూడండి. మట్టం గబగబా పడిపోతుంటే అది వాగు నీళ్లే.

యాసంగి వరికి ఎకరాకు సుమారు 1,200 మిల్లీమీటర్లు, అంటే 48 లక్షల లీటర్లు కావాలి. మక్కకు అందులో సగం చాలు. ఊట బాగుంటే జాలు పట్టే పల్లపు ఎకరంలో వరి, మెరక మీద మక్క పెట్టండి. బాగా లేకపోతే వరి మానేయండి. మక్క విత్తే ముందు పొలం చుట్టూ కాలువ తీసి నిలిచిన నీళ్లు పోనివ్వండి, జాలులో మక్క వేర్లు కుళ్లిపోతాయి.