కైమా రొట్టె గురించి పెద్దమ్మ ఉత్తరం

పెరంబూరు, చెన్నై.

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

మొదటిసారి చేసిన కైమా రొట్టె కత్తి పెట్టగానే పొడిపొడిగా రాలిపోయిందనీ, రెండోసారి చేసినది రబ్బరులా సాగిందనీ, ఏ మసాలా తక్కువైందో చెప్పమనీ నువ్వు బెంగళూరు నుండి ఫోనులో అడిగావు. మసాలా ఏదీ తక్కువ కాలేదమ్మా. మొదటిసారి ఆగలేక వేడిమీదనే కోశావు, రెండోసారి విడిపోతుందేమోనన్న భయంతో చపాతీ పిండిలా పిసికావు.

కైమాను బ్రెడ్డు ఆకారంలో డబ్బాలో పెట్టి కాల్చి, ముక్కలు కోసుకునే ఈ వంటను నువ్వు మీట్‌లోఫ్ అంటావు, మన ఇంట్లో కైమా రొట్టె అనడం అలవాటు. తాతయ్య 1955లో మొదలైన, రైలు పెట్టెలు తయారుచేసే ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో పని చేస్తున్న రోజుల్లో, పక్క క్వార్టర్సులోని ఆంగ్లో ఇండియన్ ఆవిడ దీనిని మీ అమ్మమ్మకు నేర్పింది. ఆవిడ గొడ్డు మాంసంతో చేసి, పైన ఊస్టర్ సాస్ అనే పుల్లటి ఇంగ్లీషు సాస్ పూసేది. అమ్మమ్మ మేక మాంసానికి మార్చుకుని, ఆ సాస్ కొనే స్తోమత లేక చింతపండు రసంలో బెల్లం వేసి చిక్కగా కాచి పూసింది. ఊస్టర్ సాస్‌లోనూ చింతపండు ఉంటుందని నాకు చాలా ఏళ్ల తరువాత సీసా మీది అచ్చు చదివితే గాని తెలియలేదు.

మాంసం దగ్గర మొహమాటపడవద్దు. ముందుకాలి భుజం దగ్గరి మాంసం అడిగి, కొవ్వు తీసివేయవద్దని చెప్పి, కళ్లెదుటే కైమా కొట్టించుకో. ఐదింట ఒక వంతు కొవ్వు లేకపోతే ఎంత జాగ్రత్తగా వండినా రొట్టె ఎండిపోతుంది. ముక్క మాంసానికి పైననే అంటి ఉండే క్రిములు కైమా కొట్టేటప్పుడు లోపలంతా కలిసిపోతాయి కనుక తెచ్చిన రోజే వండాలి, మధ్య వరకూ పూర్తిగా ఉడికించాలి.

అరకిలో కైమాకు రెండు బ్రెడ్డు ముక్కలు అంచులు తీసి, అర గ్లాసు కంటే కొంచెం తక్కువ పాలలో నానబెట్టి మెత్తటి ముద్దగా చెయ్యి. ఈ ముద్దే అసలు కీలకం. ఉడికేటప్పుడు మాంసం బిగుసుకుపోయి రసాన్ని బయటికి నెట్టకుండా ఇది అడ్డుపడుతుంది. తొందరలో రస్కు పొడి చల్లేవాళ్లను చూశాను, నాకు నచ్చదు, అది ఉన్న తడిని కూడా తాగేస్తుంది. ఉల్లిపాయను సన్నగా తరిగి, నూనెలో మెత్తబడే వరకూ వేయించి, పూర్తిగా చల్లార్చి కలుపు. పచ్చి ఉల్లిపాయ నీరు వదిలితే రొట్టె పగులుతుంది. అల్లం వెల్లుల్లి, మిరియాల పొడి, పుదీనా, ఒక గుడ్డు నీకు తెలిసినవే.

ఉప్పు మాత్రం అన్నింటికంటే చివర వెయ్యి. ఉప్పు తగిలిన కైమాను ఎంత పిసికితే అంత జిగురు పుట్టి, నీకు రెండోసారి ఎదురైన సాగుడు వస్తుంది. వేళ్లు విడదీసి, పులిహోర కలిపినట్టు, అన్నీ కలిసేంత వరకే కలిపి చెయ్యి తీసెయ్యి. పచ్చి మాంసాన్ని నాలుక మీద పెట్టి ఉప్పు చూడవద్దు, ఉసిరికాయంత ముద్దను పెనం మీద వేయించి రుచి చూసుకో.

అమ్మమ్మ మధ్యలో ఉడికించిన గుడ్లు వరసగా పెట్టేది, ప్రతి ముక్కలోనూ పచ్చసొన చంద్రుడిలా కనబడాలని. గుడ్లకు కొంచెం మైదా అద్దితే మాంసం వాటిని అంటిపెట్టుకుంటుంది. ఆవిడకు ఓవెన్ లేదు, కుంపటి మీద దళసరి గిన్నెలో ఇసుక పోసి, అందులో రేకు డబ్బా పెట్టి, మూత మీద నిప్పులు పరిచేది. నీకు ఓవెన్ ఉంది కనుక 180 డిగ్రీల దగ్గర సుమారు 50 నిమిషాలు చాలు. వంటింటి థర్మామీటరు ఉంటే గుడ్డుకు తగలకుండా మాంసంలోకి గుచ్చి చూడు, 71 డిగ్రీలు చూపించాలి. చింతపండు బెల్లం పాకం చివరి పావుగంటలోనే పూయాలి, ముందుగా పూస్తే బెల్లం మాడి చేదెక్కుతుంది.

బయటికి తీసిన తరువాత పావుగంట దానిని ముట్టుకోవద్దు. పిల్లలు పళ్లేలు వాయించినా సరే, కత్తి లోపలే ఉండాలి. ఆ కాస్త సేపట్లోనే రసం మాంసంలోకి తిరిగి ఇంకి, ముక్క నిలబడుతుంది. టమాటా కెచప్ బల్ల మీదకు రానివ్వకు. మేము పప్పుచారు అన్నంలోకి నంజుకునేవాళ్లం, ఆ పక్కింటి ఆవిడ కూడా చివరికి ఆ అలవాటులోనే పడింది. మిగిలిన ముక్కలను మరునాడు పెనం మీద నేతితో ఎర్రగా కాల్చి చూడు, మీ అమ్మ వాటి కోసమే రాత్రి తక్కువ తినేది.

అమ్మమ్మ రేకు డబ్బాను మీ బాబాయి వచ్చే వారం బెంగళూరు వచ్చేటప్పుడు ఇచ్చి పంపుతాను. పైన నల్లగా ఉందని పీచు పెట్టి తోమవద్దు, అది మసి కాదు, ఏళ్ల తరబడి పట్టిన నూనె.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ