ప్రొజెస్టెరాన్ మాత్ర 16వ రోజు నుంచా, అండం విడుదలయ్యాకా?

గర్భం కోసం చూస్తున్నారని, మీ నెలసరి 35 రోజులకోసారి వస్తుందని అన్నారు. డాక్టర్ చీటీలో ‘16 నుంచి 25వ రోజు దాకా ప్రొజెస్టెరాన్’ (గర్భం నిలవడానికి తోడ్పడే హార్మోన్) అని ఉంది, అండం విడుదల కాబోతోందని మూత్రంలో చూసి చెప్పే ఓవ్యులేషన్ కిట్‌లో మాత్రం రెండో గీత ఇంకా ముదరలేదు, మాత్ర మొదలుపెట్టాలా ఆగాలా అని మీ సందేహం. ఇవాళే డాక్టర్‌కి ఫోన్ చేసి, ‘నాకింకా అండం విడుదల కాలేదేమో, స్కాన్ చూశాక మొదలుపెట్టమంటారా’ అని అడగండి. నేనైతే ఆ జవాబు వినేదాకా మొదటి మాత్ర వేసుకోను.

ఆ 16 అనే అంకె 28 రోజుల నెలసరికి కట్టిన లెక్క. అందులో 14వ రోజు ప్రాంతంలో అండం విడుదలవుతుంది, ఆపై ఒకట్రెండు రోజులకి మాత్ర. కానీ నెలసరి ఆలస్యంగా వచ్చేవాళ్లలో సాధారణంగా సాగేది మొదటి సగమే. అండం విడుదలయ్యాక మళ్లీ నెలసరి వచ్చేదాకా పట్టే సమయం చాలామందిలో 12 నుంచి 14 రోజులే. అంటే మీకు అండం విడుదలయ్యేది 21వ రోజు అటూ ఇటూగా. 16వ రోజుకి అది ఇంకా ఫాలికల్‌లో, అంటే అండాశయంలోని చిన్న నీటి సంచిలో, పెరుగుతూనే ఉంటుంది. ఆ టైమ్‌లో ప్రొజెస్టెరాన్ ఒంట్లోకి వెళితే, అండం వచ్చేసిందనుకుని మెదడు, అండాన్ని విడుదల చేయించే ఎల్‌హెచ్ హార్మోన్‌ని పెంచకుండా ఊరుకోవచ్చు. గర్భాశయ ముఖద్వారం దగ్గరి జిగురు చిక్కబడి వీర్యకణాలను లోపలికి రానివ్వదు. గర్భాశయం లోపలి పొర కూడా ముందే ముదిరిపోతుంది. గర్భం రాకుండా వాడే మాత్రల్లో ప్రొజెస్టెరాన్ తరహా హార్మోన్ చేసే పని దాదాపు ఇదే. మందు రకాన్ని బట్టి, డోసును బట్టి ఈ ప్రభావం ఎక్కువా తక్కువా ఉంటుంది. అందుకే ఫోన్ చేసినప్పుడు మాత్ర పేరు కూడా చదివి చెప్పండి. ఇంకో సంగతి, కొన్నిసార్లు డాక్టర్లు ఈ మాత్ర రాసేది గర్భం కోసం కాదు, ఆగిపోయిన నెలసరిని రప్పించడానికి. మీకు దేనికోసం రాశారో తప్పకుండా అడగండి.

నాకు పీసీఓడీ (హార్మోన్ల తేడాతో అండం సరిగ్గా విడుదల కాని సమస్య) ఉంది, నెలసరి ఎప్పుడూ ఆలస్యమే. మొదట చూపించుకున్న చోట ఇలాగే తేదీ చూసి రాసిచ్చారు. మాత్రలు ఆపగానే నెలసరి వచ్చేది, మళ్లీ అదే చీటీ. తర్వాత వెళ్లిన డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, ‘అండం విడుదలైందని ఎవరు చూశారు?’ అని. ఆమె 3వ రోజు నుంచి ఐదు రోజులు అండం పెరగడానికి లెట్రోజోల్ మాత్ర ఇచ్చి, తర్వాత ఫాలిక్యులర్ స్టడీ అని రోజు విడిచి రోజు స్కాన్ చేసేవారు. ఫాలికల్ 18 మిల్లీమీటర్లు దాటాక, అండం విడుదలయ్యేలా చేసే ట్రిగ్గర్ ఇంజెక్షన్ ఇచ్చారు. అది వేసిన 36 గంటల ప్రాంతంలో అండం విడుదలవుతుంది. మరో స్కాన్‌లో ఫాలికల్ పగిలిందని కళ్లారా చూశాకే ప్రొజెస్టెరాన్ మొదలుపెట్టమన్నారు. ఆ క్రమం చూశాక నా మనసు కుదుటపడింది, ఎందుకు వేసుకుంటున్నానో తెలిసి వేసుకున్నాను.

స్కాన్‌కి వెళ్లే వీలు లేకపోతే కిట్ ఉపయోగపడుతుంది. గీత ముదిరిన తర్వాత 24 నుంచి 36 గంటల్లో అండం విడుదలవుతుంది. కానీ పీసీఓడీ ఉన్నవాళ్లలో, ఈ కిట్ పట్టుకునే ఎల్‌హెచ్ మామూలుగానే ఎక్కువ ఉండి గీత ఊరికే ముదురుగా కనిపించొచ్చు, దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. భార్యాభర్తలు కలవడానికి మాత్రం గీత ముదిరేదాకా ఆగక్కర్లేదు. వీర్యకణాలు లోపల ఐదు రోజుల దాకా బతుకుతాయి, అండం బతికేది ఒక్క రోజే.

రక్తపరీక్షకీ ఇదే చిక్కు. ‘21వ రోజు ప్రొజెస్టెరాన్’ అని రాస్తారు, కానీ అది చేయించుకోవాల్సింది నెలసరి రావడానికి వారం ముందు, మీ లెక్కలో 28వ రోజు. మిల్లీలీటరుకి 3 నానోగ్రాములు దాటితే అండం విడుదలైందనుకోవచ్చు. మీకు రాసింది డైడ్రోజెస్టిరోన్ (ప్రొజెస్టెరాన్‌లా పనిచేసే కృత్రిమ మందు) అయితే అది ఈ పరీక్షలో కనిపించదు.

మాత్రలు వాడే రోజులు మనసుకి చాలా కష్టం. రొమ్ములు నొప్పి, కడుపు ఉబ్బరం, మగత, అన్నీ గర్భం లక్షణాల్లాగే ఉంటాయి. నోటితో వేసుకునే సహజ ప్రొజెస్టెరాన్ అయితే తల తిరుగుతుంది, రాత్రి పడుకునేముందు వేసుకోమని చెప్పేది అందుకే. నెలసరి కూడా ఆలస్యం కావొచ్చు. వ్రతాలకీ తిరుపతి ప్రయాణాలకీ నెలసరి వాయిదా వేసే నోర్‌ఎథిస్టిరోన్ ఈ కుటుంబానిదే. (ఇంట్లో ఆ స్ట్రిప్ ఉంది కదా అని దాన్ని మాత్రం వేసుకోకండి, గర్భం వచ్చే అవకాశం ఉన్నప్పుడు అది వాడకూడదు.) కాబట్టి నాలుగు రోజులు ఆలస్యమైందని ఇంట్లోవాళ్లు ‘ఏమైనా విశేషమా’ అంటే తొందరపడి ఏమీ చెప్పకండి. అండం విడుదలైన రెండు వారాలకి గర్భ పరీక్ష చేసుకోండి. ట్రిగ్గర్ ఇంజెక్షన్ తీసుకుని ఉంటే అంతకంటే ముందు చేయకండి, ఆ మందే రెండో గీత చూపిస్తుంది.

ఇంకొక్క మాట మీతో గట్టిగా చెప్పాలనుంది. ఈ మాత్ర లేకపోవడం వల్లే గర్భం నిలవట్లేదని మిమ్మల్ని మీరు బాధపెట్టుకోకండి. అండం సరిగ్గా విడుదలైతే, అది వదిలివెళ్లిన ఫాలికలే ప్రొజెస్టెరాన్ తయారు చేస్తుంది. 2019లో బ్రిటన్‌లో ప్రిజమ్ అనే పెద్ద అధ్యయనం వెలువడింది. తొలి నెలల్లో రక్తస్రావం కనిపించిన 4,000 మందికి పైగా గర్భిణులపై చేసినది. అందులో ఈ మందు వల్ల మేలు కనిపించింది ముఖ్యంగా అంతకుముందు గర్భస్రావాలు అయినవాళ్లలో. మీకు అలాంటివేమైనా జరిగి ఉంటే డాక్టర్‌కి దాచకుండా చెప్పండి.

పరీక్షలో గీత రాకపోతే డాక్టర్‌ని అడిగి మాత్రలు ఆపండి, కొద్దిరోజుల్లో నెలసరి వస్తుంది. గీత వస్తే మాత్రం మీ అంతట మీరు ఆపకండి, అదే రోజు ఫోన్ చేయండి. పొత్తికడుపులో ఒక పక్క గట్టిగా నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయేలా అనిపించినా ఫోన్ కోసం చూడకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.