పాత ఎలక్ట్రిక్ ర్యాబిట్ కొనేముందు

శాన్ హోసే

చిరంజీవి వంశీకి,

ఫొటోలు చూశాను. 1981 ఫోక్స్‌వ్యాగన్ ర్యాబిట్, బానెట్ కింద ఇంజన్ స్థానంలో మోటారు, దాని మీద, వెనక డిక్కీలో కలిపి పదహారు బ్యాటరీలు. తొంభైల్లో ఒక పెద్దాయన ఇంట్లోనే కట్టుకున్నాడని, ఆయన పోయాక కూతురు అమ్ముతోందని రాశావు. కొనొద్దని నేను చెప్పను. కానీ నువ్వు దాన్ని కారు అనుకుని బేరమాడితే మాత్రం ఎక్కువ పెట్టేస్తావు.

ఈ బళ్లు చివరికి ఏమయ్యాయో ముందు తెలుసుకో. 1967లో వాల్టర్ లాస్కీ ఇక్కడే, ఇంట్లోనే ఎలక్ట్రిక్ కార్లు కట్టుకునే పిచ్చి ఉన్నవాళ్ల కోసం ఎలక్ట్రిక్ ఆటో అసోసియేషన్ మొదలుపెట్టాడు. 1973లో అరబ్ దేశాలు చమురు బిగించి, పెట్రోలు బంకుల దగ్గర క్యూలు మొదలయ్యాక ఈ పిచ్చి ఇంకా పెరిగింది. మిలిటరీ సర్‌ప్లస్‌లో దొరికే విమానాల స్టార్టర్ జనరేటర్లు, పాత ఫోర్క్‌లిఫ్ట్ మోటార్లు తెచ్చి బీటిల్ కార్లకు బిగించేవాళ్లు. 1990లో కాలిఫోర్నియా ప్రభుత్వం పొగ రాని బళ్లు అమ్మితీరాలని కంపెనీలకు షరతు పెట్టాక ఆశలు మళ్లీ లేచాయి. అప్పటికి అడ్వాన్స్‌డ్ డీసీ కంపెనీ మోటారు, దానికి ఎంత కరెంటు పంపాలో చూసే కర్టిస్ కంపెనీ కంట్రోలరు, గేర్‌బాక్స్‌కి బిగించే అడాప్టర్ ప్లేటు, అన్నీ కిట్టుగా దొరికేవి. జనరల్ మోటార్స్ తన ఈవీ1 ఎలక్ట్రిక్ కార్లను లీజుకే ఇచ్చింది కాబట్టి తర్వాత వెనక్కి లాక్కుని చాలావాటిని నుజ్జు చేసింది. ఇంట్లో కట్టుకున్నవాటిని లాక్కునేవాడు లేడు. అయినా వాటిలో ఎక్కువ భాగం రోడ్డు మీద మిగల్లేదు.

కారణం మోటారు కాదు, అది మొండిది. బ్యాటరీలే కొంప ముంచేవి. గోల్ఫ్ కార్టుల్లో వాడే ఆరు వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒక్కోటి 28 కిలోలు. పదహారంటే నాలుగున్నర క్వింటాళ్లు, ఆ చిన్న కారులో సగం బరువు! కాగితం మీద 21 యూనిట్ల కరెంటు పట్టాలి. హైవే మీద గట్టిగా లాగితే అందులో సగం కూడా చేతికి రాదు, ఎందుకంటే ఎంత వేగంగా తోడితే లెడ్ బ్యాటరీ అంత తక్కువ ఇస్తుంది. డిస్టిల్డ్ వాటర్ పోసి, టెర్మినళ్లు తుడిచి, రోజూ ఛార్జింగ్ పెట్టి జాగ్రత్తగా చూసుకున్నా మూడు నాలుగేళ్లలో చచ్చేవి. మొదటి సెట్టు ఉత్సాహంతో కొంటారు, రెండోది పంతంతో కొంటారు. మూడోసారికి ఇంట్లో ఆవిడ ఒప్పుకోదు. బండి షెడ్డులోకి పోతుంది. అలా ఏడాది కూర్చుంటే బ్యాటరీ పలకలకు సల్ఫేటు గట్టిపడి ఇక ఎందుకూ పనికిరావు. ఇంకో చిక్కు, వైరింగ్ అంతా కట్టినాయన బుర్రలోనే ఉండేది. ఆయన లేకపోతే ఏ మెకానిక్కూ ముట్టుకోడు.

కాబట్టి ఆ అమ్మాయిని మొదట అడగాల్సింది ధర గురించి కాదు. వాళ్ల నాన్నగారి నోట్‌బుక్కు, వైరింగ్ బొమ్మ, బిల్లులు ఏవైనా ఉన్నాయా అని మర్యాదగా అడుగు. ఇలాంటి పనులు చేసేవాళ్లు రాసుకోకుండా ఉండరు. అది దొరికితే నాలుగు డాలర్లు ఎక్కువిచ్చినా తప్పులేదు.

చూడటానికి వెళ్లినప్పుడు బ్యాటరీ పెట్టెల కింద టార్చి వేసి చూడు. యాసిడ్ కారితే రేకు మీద పెయింటు పొంగి, వేలితో నొక్కితే పెళుసుగా ఊడొస్తుంది. అడుగు రేకు అలా తినేసి ఉంటే అక్కడితో వదిలెయ్. తర్వాత మోటారు వెనక పట్టీ విప్పి కార్బన్ బ్రష్‌లు, అవి రాసుకునే రాగి చక్రం, అంటే కమ్యుటేటరు చూడు. రాగి మీద చాక్లెట్ రంగు పొర సమంగా ఉంటే ఆరోగ్యం. మధ్య మధ్య నల్లగా మాడిన గీతలుంటే ఆ మోటారుని ఎక్కువ కాల్చారని అర్థం. బ్యాటరీల సెట్టు తీగలు విడదీసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఒక్క పన్నెండు వోల్టుల బ్యాటరీతో తిప్పి చూడు, చప్పుడు లేకుండా తిరగాలి. పన్నెండుకు మించి ఇవ్వకు. ఇవి సిరీస్ మోటార్లు, లోడు లేకుండా పూర్తి వోల్టేజి తగిలితే వేగం ఆగకుండా పెరిగి రాగి ముక్కలు ఎగిరిపోతాయి.

ఇంట్లో ఏసీ కరెంటు షాకు తిన్న అనుభవంతో దీని దగ్గరికి వెళ్లకు. తొంభై ఆరు వోల్టుల డీసీ ఆర్క్ పడితే దానంతటది ఆగదు, స్పానరు కరిగిపోతుంది. ఉంగరం, వాచీ తీసెయ్. స్పానర్లకు పిడి దాకా ఎలక్ట్రికల్ టేపు చుట్టు. కంట్రోలరు పాడైతే ఒక్కోసారి పూర్తిగా ఆన్ అయిపోయి, కాలు తీసినా బండి దూసుకుపోతుంది. డ్రైవరు చెయ్యి అందేచోట చేత్తో లాగే కటాఫ్ స్విచ్చి, డీసీకి పనికొచ్చే ఫ్యూజు ఉన్నాయో లేదో చూడు. లేకపోతే నువ్వు పెట్టే మొదటి ఖర్చు అదే. మీ నాన్నకు ఈ పేరా చదివి వినిపించకు, టెన్షన్ పడతాడు.

బాగుచేయాలంటే లెడ్ జోలికి పోకు. యాక్సిడెంటైన పాత నిస్సాన్ లీఫ్ ఎలక్ట్రిక్ కారు లిథియం బ్యాటరీ ప్యాక్ వెతుకు. 24 యూనిట్ల పాత లీఫ్‌లో 48 మాడ్యూళ్లుంటాయి, ఒక్కోటి నాలుగు కిలోల లోపే, వోల్టేజి ఏడున్నర. పదమూడు వరసగా, అలాంటి రెండు వరసలు జతగా (ప్యారలల్‌గా) పెడితే సుమారు 98 వోల్టులు, మొత్తం వంద కిలోలు. కొంత అరిగినవైనా పదహారు లెడ్ బ్యాటరీలు నిజంగా ఇచ్చినంత ఇస్తాయి, కారుకి మూడున్నర క్వింటాళ్లు తగ్గుతుంది. అరిజోనా ఎండల్లో తిరిగిన లీఫ్ మాత్రం వద్దు, దాని బ్యాటరీకి కూలింగ్ లేదు, వేడికి త్వరగా అరిగిపోతుంది. పాత ఛార్జరు లెడ్ కోసం చేసింది, ఎంత బాగున్నా లిథియంకి తగిలించకు. సెల్ సెల్‌కీ వోల్టేజి చూసే బీఎంఎస్ సర్క్యూటు లేకుండా ఒక్క రాత్రి కూడా గ్యారేజీలో ఛార్జింగ్ పెట్టకు.

రిజిస్ట్రేషన్ కాగితంలో ఇంధనం గడిలో ఎలక్ట్రిక్ అని ఉందో లేదో చూసుకో. పెట్రోలు అని ఉంటే స్మాగ్ చెకింగ్, అంటే పొగ తనిఖీ నోటీసు వస్తుంది, ఇంజనే లేని బండికి.

ధర విషయానికొస్తే, మోటారు, కంట్రోలరు, అడాప్టరు, తుప్పు లేని బాడీకి మాత్రమే లెక్కకట్టు. చచ్చిన బ్యాటరీలకు సీసం రేటు వస్తుంది, అది బేరంలో అడుగు, మొహమాటపడకు. మోటారు తిరిగిందని సంబరపడి ఇంటిదాకా నడుపుకుని రావద్దు. టైరు పక్కన డాట్ అక్షరాల తర్వాత చివరి నాలుగు అంకెలు చూడు, వారం, సంవత్సరం తెలుస్తాయి. మూడే అంకెలుంటే అది 2000కి ముందు టైరు. ట్రైలరు అద్దెకు తీసుకో, నా దగ్గర హుక్కు ఉన్న పికప్పు ఉంది, శనివారం ఖాళీయే.

ఆశీస్సులతో,
బాబాయ్