టీవీకి జల్లెడ పట్టే ముందు

చి. శ్రావణికి,

ఓటీటీలో బూతులూ బట్టల్లేని సీన్లూ పిల్లల దాకా రాకుండా నువ్వే ఏర్పాట్లు చేసుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషమేసింది, వెంటనే గుబులూ పుట్టింది. అదెందుకో చెబుతాను. ముందు తేలిక పనులు కానియ్.

పిల్లలకు వేరే ప్రొఫైల్ పెట్టు, పెద్దవాళ్ల ప్రొఫైళ్లన్నిటికీ పిన్ పెట్టు. రెండోది చెయ్యకపోతే మొదటిది దండగ. నెట్‌ఫ్లిక్స్‌లో నాలుగంకెలు, ప్రైమ్‌లో అయిదు. పుట్టిన సంవత్సరాలు మాత్రం వద్దు తల్లీ, తాళంచెవి ఎక్కడ దాచినా వెతికి పట్టుకున్న పిల్లవి నువ్వు, నీ పిల్లలు నీ కడుపునే పుట్టారు. ప్రైమ్‌లో వయసు ఆంక్షలు ఏయే పరికరాలకు వర్తించాలో కూడా ఎంచుకోవాలి. టీవీకి పెట్టి టాబ్ మర్చిపోతుంటారు. పెద్దల వీడియోలను దాచే యూట్యూబ్ రిస్ట్రిక్టెడ్ మోడ్ కూడా ఒక్కో పరికరంలో విడిగా ఆన్ చెయ్యాలి. ప్రివ్యూలు వాటంతటవే ఆడకుండా ఆపెయ్.

రౌటర్‌లో డీఎన్‌ఎస్ (సైటు పేరు చెబితే దాని చిరునామా వెతికిపెట్టేది) 1.1.1.3 అని పెడితే అశ్లీల సైట్లు చాలావరకు తెరుచుకోవు, పెట్టుకో. కానీ దానికి తెలిసేది సైటు పేరొక్కటే. సినిమా మధ్యలో ఏ సీను వస్తోందో దానికి కనపడదు.

ఇక నా గుబులు. సబ్‌టైటిల్ చదివి తిట్టు రాగానే మ్యూట్ చేసే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాం) ఒకటి వేసి, ల్యాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపి, ఇక నిశ్చింత అనుకోవడం అందరూ చేసే పాత పొరపాటు. ఆ ఎక్స్‌టెన్షన్ వినదు, చదువుతుంది. పిల్లలు తెలుగు డబ్బింగ్‌లో చూస్తుంటే తెర మీద చాలాసార్లు ఇంగ్లీషు సబ్‌టైటిల్ నడుస్తుంది. డబ్బింగ్ రాసినవాళ్లు పెదవుల కదలికకు తగ్గట్టు మాటలు మార్చేస్తారు. ఇంగ్లీషులో తిట్టు లేనిచోట తెలుగులో ఉంటుంది, ఉన్నచోట ఉండదు. అమాయకమైన మాట మ్యూట్ అవుతుంది, అసలు బూతు హాల్లో మోగుతుంది. సబ్‌టైటిల్ రాసినవాళ్లే తిట్టును మెత్తబరిచినా ఇదే గతి. అందుకని ఆడియో, సబ్‌టైటిల్ ఒకే భాషలో పెట్టు. సీసీ (వినపడనివాళ్ల కోసం రాసే సబ్‌టైటిల్) అని ఉన్న ట్రాక్ దొరికితే అదే తీసుకో, చాలావరకు మాటకు మాట ఉంటుంది.

తెలుగు సబ్‌టైటిల్ వాడితే తిట్ల జాబితా నువ్వే రాసుకోవాలి. మన మాటల చివర ‘ని’, ‘కి’, ‘గాడు’ అతుక్కుంటాయి కదా. పూర్తి మాట సరిపోలితేనే పట్టుకోమంటే అవన్నీ జారిపోతాయి. మాట మొదలు సరిపోలితే చాలని పెట్టు. ఒకటి రెండు మంచి మాటలు పోయినా ఫరవాలేదు.

ఇదంతా చెవికి. కంటికి ఇది అక్కరకు రాదు, ఎందుకంటే అలాంటి సీన్లలో చాలాసార్లు మాటలే ఉండవు, చదవడానికి సబ్‌టైటిలూ ఉండదు. మనిషి ముందే చూసి మొదలు, చివర సమయాలు రాసిపెట్టాల్సిందే. నీ దగ్గరున్న డీఆర్‌ఎం (కాపీ చెయ్యకుండా వేసే తాళం) లేని ఫైళ్లయితే, కోడీ అనే వీడియో ప్లేయర్ కోసం ఈడీఎల్ ఫైలు, అంటే ఎక్కడ దాటెయ్యాలో ఎక్కడ మ్యూట్ చెయ్యాలో చెప్పే చిన్న జాబితా, చేసుకో. వీడియో పేరే పెట్టి అదే ఫోల్డర్‌లో ఉంచు. లోపల ఒక్కో వరుస ఇలా ఉంటుంది: 2712.0 2760.5 0. అంకెలు సెకన్లు. చివర 0 అంటే ఆ ముక్క దాటెయ్, 1 అంటే మ్యూట్. అటూ ఇటూ రెండేసి సెకన్లు ఎక్కువ తీసుకో. ఒక కాపీకి రాసిన సమయాలు ఇంకో కాపీకి పనికిరావు. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25తో నడిపిన కాపీలో, గంట దగ్గర రావలసిన సీను దాదాపు రెండున్నర నిమిషాల ముందే వచ్చేస్తుంది. ప్రకటనలు వచ్చే ప్లాన్‌లోనూ లెక్క తప్పుతుంది. అమెరికాలో విడ్‌ఏంజెల్, క్లియర్‌ప్లే అనే కంపెనీలు ఈ సమయాల పట్టికలే అమ్ముతాయి, అదీ వాళ్లు చూసిన సినిమాలకే.

ఇన్ని ఎందుకు చెబుతున్నానంటే, ఫిల్టర్ ఉంది కదా అని నువ్వు పక్కగదిలోకి వెళ్లిపోతావేమోనని. అదొక్కటీ చెయ్యకు నా తల్లీ. మొదటి వారం కొత్త సినిమా ఏదైనా పిల్లలు పడుకున్నాక నువ్వొకసారి చూడు, ఏం జారిందో కాగితం మీద రాసుకో. పిల్లలతో చూసేటప్పుడు రిమోట్ నీ చేతిలోనే ఉండాలి.

టాబ్ సంగతి మాత్రం ఇవాళే చూడు. చూసి నాకు ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ