ఫ్రిజ్‌లో పెట్టిన సవర్‌డో (సహజంగా పులిసిన పిండితో చేసే బ్రెడ్) రెండో రోజుకే గట్టిపడితే

కారణం ఫ్రిజ్జేనండి. గాలి తగలకుండా కవర్లో బిగించినా అంతే. బ్రెడ్‌లోని పిండిపదార్థం బిగుసుకుపోతుంది, ఫ్రిజ్‌లో ఉండే 4 డిగ్రీల దగ్గర అది మరీ త్వరగా జరుగుతుంది. మళ్లీ వేడిచేయడానికి మైక్రోవేవ్ వద్దు, రబ్బరులా సాగుతుంది.

ఇప్పుడు గట్టిపడిన లోఫ్‌కి (బ్రెడ్ దిమ్మకి):

1. ఓవెన్ 180 డిగ్రీలకు వేడెక్కనివ్వండి.
2. లోఫ్‌ని కుళాయి కింద తిప్పుతూ క్రస్ట్ (పైపెచ్చు) అంతా తడపండి. చాలామంది వదిలేసేది ఇదే! భయపడకండి, పాడవదు. కోసిన వైపు మాత్రం నీళ్లు పడనివ్వకండి. 60 డిగ్రీలు దాటితే బిగుసుకున్న పిండిపదార్థం మళ్లీ వదులవుతుంది, ఈలోగా బ్రెడ్ ఎండిపోకుండా కాచేది ఆ తడే.
3. నేరుగా జాలీ మీద 10 నిమిషాలు, క్రస్ట్ కరకరలాడేదాకా.

ముక్కలైతే నీళ్లు చిలకరించి, పెనం మీద మూతపెట్టి సన్నసెగన 2-3 నిమిషాలు చాలు.

వేడిచేసింది ఆ పూటే తినేయండి, చల్లారితే ఇంకా గట్టిపడుతుంది.

ఇకపై రెండు రోజుల్లో తినేదాన్ని కోసిన వైపు చెక్క మీద బోర్లించి, గుడ్డ కప్పి బయటే ఉంచండి. మిగతాది మొదటిరోజే ముక్కలు కోసి ఫ్రీజర్లో పెట్టేయండి. వానాకాలంలో బయట ఒక్కరోజే, బూజు పట్టేస్తుంది.