గెలాక్సీల నుంచి ఎక్స్‌రేలు ఎలా వస్తాయి? నక్షత్రాల వల్లేనా?

మామూలు నక్షత్రాల వాటా చాలా తక్కువండి. గెలాక్సీ మధ్యలో ఉండే భారీ బ్లాక్ హోల్‌లో పడబోయే గ్యాస్ గిరగిరా తిరుగుతూ రాసుకుని లక్ష డిగ్రీల దాకా కాగిపోతుంది, దాని పక్కనే ఉండే కరోనా (బ్లాక్ హోల్ దగ్గరి బాగా వేడెక్కిన పల్చటి గ్యాస్ మబ్బు) అయితే ఏకంగా వంద కోట్ల డిగ్రీలు, ఎక్స్‌రేలు ఎక్కువగా అక్కడివే. పక్క నక్షత్రంలోని గ్యాస్‌ని లాక్కునే న్యూట్రాన్ స్టార్లూ (పెద్ద నక్షత్రాలు పేలిపోయాక మిగిలే చిక్కటి గోళాలు) కొంత ఇస్తాయి.

నాకు బాగా నచ్చేది మాత్రం పెర్సియస్ క్లస్టర్ అనే గెలాక్సీల గుంపు. 1999లో పైకెళ్లిన చంద్రా టెలిస్కోప్ తీసిన ఫొటో చూడండి (మన వాతావరణం ఎక్స్‌రేలని ఆపేస్తుంది, అందుకే అంతరిక్షం నుంచి తీయాలి), గెలాక్సీల మధ్య ఖాళీ అనుకున్న చోటంతా కోట్ల డిగ్రీల గ్యాసే, అందులో బ్లాక్ హోల్ జెట్లు (దాని దగ్గర్నుంచి వేగంగా చిమ్మే ధారలు) ఊదిన పెద్ద పెద్ద బుడగలు కూడా కనిపిస్తాయి. ఆ గ్యాస్ బరువు అక్కడి నక్షత్రాలన్నీ కలిపినా ఎక్కువే!