పాట రికార్డు చేసే పెట్టెతోనే పాటలు వినొచ్చా?

ప్రశ్న: అన్నమయ్య కీర్తనలు ఇంట్లోనే రికార్డు చేసుకుందామని రెండు ఛానెళ్ల యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ కొన్నాను. ఎక్కువ రోజులు అది ఊరికే పడి ఉంటోంది. ఇంట్లో పాత స్టీరియో యాంప్లిఫయర్ ఉంది. లాప్‌టాప్‌లోని పాటలు దాంట్లో వినడానికి ఈ ఇంటర్‌ఫేస్ సరిపోతుందా? విడిగా డాక్ (డిజిటల్ పాటను యాంప్లిఫయర్‌కు పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పరికరం) కొనాలా?
– బైరాగిపట్టెడ, తిరుపతి నుంచి ఒక పాఠకురాలు

కొననక్కర్లేదు. రికార్డు చేసింది మీకు తిరిగి వినిపించాలి కాబట్టి డాక్ ఆ పెట్టెలోనే ఉంది. ఈమధ్య వచ్చిన చవక మోడళ్లలోనూ దాని నాణ్యతకు వంక పెట్టలేం. తేడా కొట్టేదల్లా కేబుల్ దగ్గరే.

ఇంటర్‌ఫేస్ వెనక పావు అంగుళం జాక్‌లు రెండుంటాయి, ఎడమకొకటి, కుడికొకటి. చాలామంది ఫోన్‌కు వాడే స్టీరియో కేబుల్‌కి అడాప్టర్ తగిలించి ఒక్క జాక్‌లోనే గుచ్చేస్తారు. అది బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ (ఒకే సిగ్నల్‌ను ఒక తీగలో మామూలుగా, ఇంకో తీగలో తలకిందులుగా పంపేది) కాబట్టి రెండు స్పీకర్లకూ ఆ ఒక్క ఛానెలే వెళ్తుంది, అదీ ఒకదాంట్లో తలకిందులుగా. బేస్ పోతుంది, గొంతు ఎటునుంచి వస్తోందో తెలియదు. కొన్ని మోడళ్లలో ఒక్క స్పీకరే పలుకుతుంది. మీకు కావాల్సింది రెండు మోనో పావు అంగుళం పిన్నుల నుంచి రెండు ఆర్‌సీఏ పిన్నులకు (యాంప్లిఫయర్ వెనక ఎరుపు, తెలుపు సాకెట్లలో పెట్టేవి) వెళ్లే కేబుల్. మోనో పిన్ను పెట్టొచ్చో లేదో ఒకసారి మాన్యువల్ చూడండి. యాంప్లిఫయర్ వైపు ఆక్స్‌లోనో సీడీలోనో పెట్టండి. ఫోనోలో వద్దు, అది రికార్డు ప్లేయర్ సూది ఇచ్చే అతి చిన్న సిగ్నల్ కోసం. అక్కడ పెడితే ధ్వని పగులుతుంది.

స్టూడియో పరికరాలు ఇచ్చే సిగ్నల్ (లైన్ లెవెల్) సుమారు 1.23 వోల్టులు, ఇంటి పరికరాలది 0.32. అందుకే ఇంటర్‌ఫేస్ నాబ్ సున్నా నుంచి మెల్లగా పెంచండి. ఆన్ చేసేటప్పుడు యాంప్లిఫయర్ ఆఖరున, ఆపేటప్పుడు మొదట. లేకపోతే స్పీకర్లు ‘ధన్’మంటాయి.

డైరెక్ట్ మానిటర్ ఆపేయండి, లేదంటే మైకులోంచి ఫ్యాను హోరు కూడా పాటలో కలుస్తుంది. రికార్డింగ్‌కు పెట్టుకున్న 64, 128 బఫర్‌తోనే (లాప్‌టాప్ ముందుగా పోగేసుకునే ధ్వని శాంపిళ్ల సంఖ్య) వింటే మధ్యమధ్య టిక్కుటిక్కుమంటుంది. దాన్ని 1024 చేయండి. శాంపిల్ రేటు 44,100 హెర్ట్జ్ (సెకనుకు అన్ని శాంపిళ్లు) ఉంటే అది 23 మిల్లీసెకన్ల ఆలస్యమే, పాట వినడానికి అడ్డు కాదు. శాంపిల్ రేటు సీడీ పాటలకు 44,100, వీడియోలకు 48,000 చాలు. 192 కిలోహెర్ట్జ్ అని డబ్బా మీద రాసుంది కదా అని అక్కడ పెట్టేస్తే పాత పాట కొత్తదైపోదు.

రిమోట్ ఉండదు, మామూలుగా టీవీలు దీన్ని గుర్తించవు. టీవీ ఆప్టికల్ సాకెట్ నుంచి వినాలనుకుంటే మాత్రం అప్పుడు డాక్ కొనండి.

ప్రశ్న: నాదీ ఇలాంటి అమరికే. లాప్‌టాప్‌కి ఛార్జర్ పెట్టగానే స్పీకర్లలో గుయ్యిమంటోంది.
– మిట్టూరు, చిత్తూరు

ఛార్జర్ తీయగానే ఆగిపోతోందంటే అది గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాలు ఆడియో కేబుల్‌తో పాటు ఎర్త్ ద్వారా కూడా కలిసి ఆ చుట్టులో కరెంటు పారడం. లాప్‌టాప్, యాంప్లిఫయర్ రెండిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి చూడండి. తగ్గకపోతే ఇంటర్‌ఫేస్‌కూ యాంప్లిఫయర్‌కూ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టండి. మరీ చవక రకం బేస్‌ను తినేస్తుంది. ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను విరిచేస్తే చప్పుడు ఆగొచ్చు, కానీ లోపల ఏదైనా తేడా వస్తే యాంప్లిఫయర్ ఒంటిమీదే షాక్ కొడుతుంది. ఆ పని చేయకండి. ఒకవేళ కరెంటు పోయినప్పుడే మోత వస్తోందంటే మీది స్క్వేర్ వేవ్ (నున్నని అలలా కాక మెట్లు మెట్లుగా కరెంటు ఇచ్చే) ఇన్వర్టర్ కావచ్చు, దానికి ఐసొలేటర్ పెట్టి లాభం లేదు.